మోగితే వెళ్లాలి

మా నగరంలోని తీగల వంతెన ఫొటో మీరు చూసే ఉంటారు. నది రెండు ఒడ్డుల్లో ఎత్తైన రెండు స్తంభాలు, వాటి నుంచి రెండు పక్కలకూ వాలుగా దిగిన తెల్లటి ఉక్కు తీగలు, వాటికి వేలాడుతున్నట్టు రోడ్డు. క్యాలెండర్ల మీద అదే, పాల ప్యాకెట్ల మీద అదే, నేను పనిచేసే ఆసుపత్రి గోడ మీదా అదే. ఆ ఫొటోలో ఎడమవైపు కింది మూలన, స్తంభం నీడలో, తుప్పు రంగు రేకుల కప్పులు కొన్ని కనిపిస్తాయి. అది మా వీధి. చాలామంది ఆ మూలను కత్తిరించేసి ఫొటో పెట్టుకుంటారు.

ఆ కత్తిరించేసిన మూలలో మా మేనత్త ఉంటుంది. ఆవిడ గురించే రాస్తున్నాను. ఇంత కోపంగా రాయాలా అని అడగబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను, అవును, కోపంగానే రాస్తాను. చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారలేదు.

వీధిలో అందరూ ఆవిడను రేవత్త అంటారు. వంతెన రాకముందు మా వీధి చివర పడవ రేవు ఉండేది. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించడం మా తాత పని. తాత తర్వాత తెడ్డు మా నాన్న పట్టుకోవాలి. కానీ మా నాన్నకు నీళ్లంటే చిరాకు, లారీ తోలడమంటే ప్రాణం. ఆయన తోక జాడించి లారీ ఎక్కేస్తే, చెల్లెలు తెడ్డు పట్టుకుంది. ఆడపిల్ల పడవేంటని ఎవరో నసిగితే, అయితే ఈది వెళ్లమందట. తర్వాత ఎవరూ నసగలేదు.

మా మామయ్యది అవతలి ఒడ్డు. గొడుగులు, సంచుల జిప్పులు బాగుచేసేవాడు. మనిషి నెమ్మది, నీళ్లంటే మాత్రం హడల్. పెళ్లి మాటలకు ఆవిడ పడవలోనే వచ్చి, దారి పొడవునా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడట. "నన్ను సరిగా చూడలేదు కాబట్టే ఒప్పుకున్నాడు" అని అత్త ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. మామయ్య ముసిముసిగా నవ్వుతాడు.

రెండు ఒడ్డుల్లోనూ రేవు దగ్గర ఒక్కో రైలుపట్టా ముక్క వేలాడుతూ ఉండేది. పక్కనే గొలుసుకు ఒక ఇనుప కడ్డీ. పడవ అవతల ఉంటే ఇవతలివాళ్లు కడ్డీతో పట్టాను కొట్టి పిలవాలి, ఇవతల ఉంటే అవతలివాళ్లు కొట్టాలి. ఒక్క దెబ్బ కొడితే మనిషి ఉన్నాడని. రెండు కొడితే సామాను కూడా ఉందని. ఆగకుండా మూడేసి దెబ్బలు కొడుతూ ఉంటే ఎవరికో బాగోలేదని, ఉన్నపళంగా రమ్మని. చదువురాని పిల్లలకు కూడా మా రెండు ఒడ్డుల్లో ఈ లెక్క తెలుసు.

రేవుకు ఒకటే నియమం ఉండేది. మోగితే వెళ్లాలి. ఎవరు, ఎందుకు, ఈ వేళప్పుడేమిటి అని ఇవతల కూర్చుని ఆరా తీయకూడదు, అవతలి ఒడ్డు చేరాకే తెలుసుకోవాలి. ఒకసారి తాగినవాడెవడో అవతల పట్టా మోగించాడు. అత్త అన్నం ముందునుంచి లేచి వెళ్లింది. వాడు టైమెంతయిందని అడిగాడు. చెప్పి, తిరిగొచ్చి, చల్లారిన అన్నం తింది. నేనైతే ఆ తెడ్డుతోనే నాలుగు అంటించేదాన్ని. అత్త మాత్రం వాడికి నిజంగానే టైము తెలియలేదని చెప్పి కంచం కడుక్కుంది.

నేను పుట్టింది కూడా ఆ పడవలోనే. ఆసుపత్రి అవతలి ఒడ్డున, అంటే మా గుమ్మంలోంచి చూస్తే దాని కిటికీలు కనిపించేంత దగ్గర. మా అమ్మకు నొప్పులొచ్చినప్పుడు పడవ అవతల ఉంది. నాన్న మూడేసి దెబ్బలు కొట్టాడు. అత్త వచ్చి అమ్మను ఎక్కించుకుంది కానీ, నేను ఆసుపత్రి దాకా ఆగలేదు. నది మధ్యలోనే కేరుమన్నాను. అత్త ఒక చేత్తో నన్ను పట్టుకుని ఇంకో చేత్తో తెడ్డు వేసిందట. "ఆ తొందర నీకు అప్పటినుంచీ తగ్గలేదే" అంటుంది. తొందర అని ఆవిడ మర్యాదకు అంటుంది. వీధిలో మిగతావాళ్లు దాన్ని నోరు అంటారు.

వంతెన కట్టకముందు, ఎక్కడ కట్టాలో చూడటానికి వచ్చినవాళ్లు కూడా అత్త పడవలోనే తిరిగారు. వాళ్లలో కళ్లద్దాల ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. మంచి మాటకారి. ఒళ్లో పెద్ద కాగితం చుట్ట విప్పుకుని కూర్చుని, వంతెన ఎలా ఉంటుందో అత్తకు వేలితో చూపించాడు. ఇదిగో మీ వీధి దగ్గర స్తంభం, దీని పక్కనుంచే మెట్లు, పైకెక్కితే నడవడానికి వేరే దారి, రైలింగు, అటు దిగితే ఎదురుగా ఆసుపత్రి అన్నాడు. పడవలో నేనూ ఉన్నాను, అప్పుడు స్కూల్లో చదువుతున్నాను. మెట్ల దగ్గర ఆయన పెన్సిలుతో చిన్న గీత కూడా గీశాడు.

వీధిలో అందరూ బెంగపడ్డారు, పడవ పోతుంది, మన బతుకేమవుతుందోనని. వాళ్లందరి నోరూ మూయించింది అత్తే. తన పని పోతే పోనిమ్మంది, మోకాళ్లు ఎటూ మొరాయిస్తున్నాయంది. మెట్లెక్కి ఎవరి కాళ్లతో వాళ్లు నడిచి వెళ్తారు, ఇక ఎవర్నీ పిలవాల్సిన పనే ఉండదు, అంతకంటే ఏం కావాలి అంది. స్తంభం లేస్తున్నన్నాళ్లూ ఆ కూలీలకు మంచినీళ్లు అందించింది. పైనుంచి సిమెంటు దుమ్ము రేకుల మీద పడి, అన్నంలో పడి, కళ్లలో పడి వీధంతా దగ్గుతుంటే, కొన్నాళ్లు ఓర్చుకోండి, మనకోసమే కదా అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

వంతెన పూర్తయింది. రిబ్బన్ కత్తిరించారు, బాణసంచా కాల్చారు. మెట్లు లేవు. నడవడానికి దారీ లేదు. ఆ పైన అంతా కార్లూ బస్సులే, నడిచేవాళ్లకు ప్రవేశం లేదని రెండు చివర్లా బోర్డు. మా నెత్తి మీదుగా పోయే వంతెన దాటి ఆసుపత్రి చేరాలంటే మార్కెట్టు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, ఇంకో బస్సు మారాలి. అప్పటికి నేను ఆసుపత్రిలో దుప్పట్లు, గౌన్లు ఉతికే చోట పనికి చేరాను. గుమ్మంలోంచి కనిపించే ఆ కిటికీల దగ్గరికి వెళ్లడానికి నాకు పొద్దున సగం, సాయంత్రం సగం బస్సుల్లోనే పోయేవి. ఇక చీకటిపడితే తీగలకు రంగు దీపాలు వెలిగిస్తారు. ఆ వెలుగు నేనూ అత్తా మామయ్యా ఉండే ఇంటి కిటికీలోంచి లోపలికి పడుతుంది. మామయ్య అన్నం తింటూ తింటూ ఎర్రబడతాడు, తర్వాత పచ్చబడతాడు, తర్వాత నీలంగా మారతాడు. మొదట్లో నవ్వుకున్నాం.

మెట్లెక్కడని అడగడానికి నేనూ అత్తా ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి టేబుల్ మీద అద్దాల పెట్టెలో వంతెన నమూనా ఉంది. తీగలు, స్తంభాలు, అగ్గిపుల్లంత కార్లు, అన్నీ ఉన్నాయి. మా వీధి ఉండాల్సిన చోట ఆకుపచ్చ స్పాంజి ముక్క అంటించి ఉంది. అధికారి ఆ పెట్టె మీద దుమ్ము తుడుస్తూ చెప్పాడు. మెట్లు పెడితే స్తంభం అందం చెడుతుందని పైవాళ్లు అన్నారట. నడిచేవాళ్లుంటే ఆగి ఫొటోలు తీసుకుంటారు, ప్రమాదమట. ఆ ఇంజనీరేడి అని అడిగితే, వేరే నగరంలో వేరే వంతెన కడుతున్నాడట.

"ఆయన మాకు మాటిచ్చాడు" అన్నాను.

"మాటే కదమ్మా ఇచ్చింది" అన్నాడు అధికారి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపు ఆయన ఇంకో సంగతి చెప్పాడు. వంతెన వచ్చేసింది కాబట్టి రేవు మూసేస్తున్నారు. నదిలో చిన్న పడవలు తిరిగితే దృశ్యం పాడవుతుందట. మనుషుల్ని దాటిస్తే పడవ స్వాధీనం చేసుకుంటారు. ఇవన్నీ విని అత్త ఒక్కటే అడిగింది, పడవను ఒడ్డున కట్టి ఉంచుకోవచ్చా అని. ఆయన ఆలోచించి, కదిలించనంత వరకూ ఉంచుకోమన్నాడు. ఒక్కసారి నీళ్లలోకి వదిలినా ఇక అది మీది కాదన్నాడు. అత్త సరేనంది. ఇంటికొచ్చేదాకా నేను ఆవిడ ముందు విసవిసా నడిచాను. మెట్ల కోసం వెళ్లి, మన పడవను మన ఒడ్డున ఉంచుకోవడానికి అనుమతి తెచ్చుకున్నామని ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత ఆవిడకు మిగిలింది ఆ పడవే. ఒడ్డున కట్టేసి ఉన్నదానికి కూడా ఏటా తారు పూసేది, పగుళ్లలో పీచు కూరేది. రోజూ పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకుని, తోడే డబ్బా తీసుకుని వెళ్లేది. పాత నూనె డబ్బాను ఏటవాలుగా కోసి, పిడి పెట్టింది అది. ఇంట్లో తలుపు పక్కన మేకుకు వేలాడేది. వాన పడ్డా పడకపోయినా వెళ్లి, పడవలో చేరిన నీళ్లు, రాలిన ఆకులు, పైనుంచి కార్లవాళ్లు విసిరిన కాగితం కప్పులు అన్నీ తోడి పోసేది. కదలని పడవకు ఇంత సేవ ఎందుకని నేను విసుక్కుంటే, "పడవలో ఏదీ చేరనివ్వకూడదే, చేరిందంటే అది పడవ కాదు" అనేది.

ఒక మధ్యాహ్నం, నాకు సెలవు రోజు, ఇంట్లోనే ఉన్నాను. పైన వంతెన మీద ఏవో మరమ్మతులు జరుగుతున్నాయి. తీగ రోడ్డులోకి దిగే చోట దాని చుట్టూ ఇనుప గొట్టం తొడుగు ఉంటుంది. అదేదో బిగుసుకుపోతే, పనివాడు దాన్ని సుత్తితో కొట్టి ఊడదీస్తున్నాడు. ఖంగ్, ఖంగ్, ఖంగ్. ఊపిరి పీల్చుకుని మళ్లీ ఖంగ్, ఖంగ్, ఖంగ్. ఆ మోత నీళ్ల మీదుగా తిరిగి, అచ్చం అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు వినిపించింది.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాకు పైన పనివాళ్లు కనిపిస్తున్నారు. లోపల ఉన్న అత్తకు కనిపించరు. నేను ఇంట్లోకి వచ్చేసరికి మేకుకు డబ్బా లేదు. రేవుకు పరిగెత్తాను. పడవ అప్పటికే ఒడ్డు వదిలేసింది. గొంతు చించుకుని అరిచాను. గాలి ఎదురుగా ఉంది, పైన కార్లు రొద పెడుతున్నాయి. మొరాయించే ఆ మోకాళ్లతోనే ఆవిడ నిలబడి తెడ్డు వేస్తూ, నేను పుట్టిన నది మధ్యను దాటుకుని వెళ్లిపోయింది. అవతలి రేవులో ఎవరూ లేరు. పడవలోనే నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, జబ్బు మనిషి ఎక్కడున్నాడా అని ఆ ఒడ్డంతా వెతకడం నాకు ఇక్కడికి కనిపించింది. అంతలో గస్తీ లాంచీ వచ్చింది.

ఆఫీసులో మళ్లీ అదే అధికారి, అదే స్పాంజి ముక్క.

"ఎవరు పిలిచారు మిమ్మల్ని?" అని అడిగాడు.

"మోగింది" అంది అత్త.

"అది వంతెన మోతమ్మా."

"ఆ సంగతి వెళ్లాకే కదా తెలిసింది" అంది.

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, పాపం అన్నట్టు. మర్నాడు ఏదో పత్రికలో మూలన చిన్న వార్త కూడా వచ్చింది, వంతెన మోతకు మోసపోయిన ముసలమ్మ అని. మోసపోయిందట! వంతెన మోతకు కాదు, వంతెనకే మోసపోయింది మా అత్త. అది రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పడవను లాంచీకి కట్టి లాక్కుపోయారు. అత్త అభ్యంతరం చెప్పలేదు. మాటిచ్చాను, తప్పాను, తీసుకెళ్లమంది. చేతిలో ఉన్న తోడే డబ్బాను కూడా ఇవ్వబోతే, ఈ చెత్త మాకెందుకని వాళ్లే తిరిగిచ్చారు. ఇంటికి తెచ్చి మేకుకు తగిలించింది.

కొన్ని నెలలకు అవతలి ఒడ్డున, పాత రేవు ఉన్నచోట, వంతెన చూసేవాళ్ల కోసం పార్కు తెరిచారు. నేను ఆసుపత్రికి వెళ్తూ మొదటి రోజే చూశాను. మధ్యలో, గడ్డి మీద, మా పడవ. పసుపూ నీలం రంగులు పూశారు. నిండా ఎర్రమట్టి పోసి పూలమొక్కలు నాటారు. పక్కన బోర్డు మీద వెనకటి రోజుల పడవ అని రాసి, ఇక్కడ నిలబడి సెల్ఫీ తీసుకోండని పాదాల గుర్తులు వేశారు. ఆ ఒడ్డున మిగిలిపోయిన రైలుపట్టా ముక్కను కూడా వదల్లేదు. మెరిసే కమాను కట్టి, దానికి వేలాడదీసి, కడ్డీ పక్కన పెట్టి, మోగించి చూడండని రాశారు. ఆ రోజు ఉతకాల్సిన దుప్పట్లను నేను ఉతకలేదు, బాదాను.

ఇంట్లో చెప్పలేదు. కానీ నీళ్ల మీద మోత దాక్కోదు కదా. పొద్దస్తమానం పిల్లలు వచ్చి కొట్టేవాళ్లు, ఒకటి, నాలుగు, ఏడు, లెక్కా పత్రం లేకుండా. మోగినప్పుడల్లా అత్త తలెత్తేది. వంతెన మీద పనివాళ్లని చెప్పేదాన్ని. మామయ్య రేడియో సౌండు పెంచేవాడు. ఇంట్లో ఇద్దరం కలిసి ఒక మనిషి చెవులు మూయడానికి చూస్తున్నాం, ఎవరో ఫొటోలు దిగుతున్నందుకు.

ఒక ఆదివారం పొద్దున మోత మారింది. మూడు దెబ్బలు, ఆగి మూడు దెబ్బలు, మళ్లీ మూడు. కొట్టే చెయ్యి బలంగా ఉంది, ఆపడం లేదు. అత్త లేచింది. తువ్వాలు తలకు చుట్టుకుంది. మేకుకున్న డబ్బా తీసుకుంది. రేవుకు వెళ్లి, పడవ కట్టే గుంజ దగ్గర కాసేపు నిలబడింది. అక్కడినుంచి వెనక్కి వచ్చేస్తుందనుకున్నాను. ఆవిడ వీధిలోంచి మార్కెట్టు వైపు నడక మొదలుపెట్టింది.

వెనకాలే పరిగెత్తాను. "అత్తా, పడవ లేదు" అన్నాను.

"కాళ్లున్నాయిగా" అంది.

ఎవరో సరదాకి కొడుతున్నారని చెప్పాను. వెళ్తే తెలుస్తుందంది. అప్పుడు నిజం చెప్పేశాను, అక్కడ పార్కు ఉందని, పట్టా ఉందని, రోజూ మోగేది అదేనని. పడవ సంగతి మాత్రం నోటికి రాలేదు. ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. పార్కులోనూ మనుషులే ఉంటారు, వాళ్లకూ బాగోకపోవచ్చంది. మళ్లీ నడిచింది.

మార్కెట్టు దాటగానే, నడిచేవాళ్లకు ప్రవేశం లేదన్న బోర్డు పక్కనుంచే వంతెన ఎక్కాం. కార్లు హారన్లు కొట్టాయి. అద్దాలు దించి తిట్టారు. ఒకాయన పిచ్చాసుపత్రి అటు కాదన్నాడు, ఆయనకు నేనిచ్చిన సమాధానం ఇక్కడ రాయను. మధ్యలో మోటారుసైకిలు మీద కాపలావాడు వచ్చి అడ్డంగా ఆపాడు. ఇక్కడ నడవకూడదన్నాడు. అత్త అతన్ని చుట్టుకుని ముందుకు వెళ్లిపోయింది. నేను ఆగాను.

"కిందికి చూడు. ఆ రేకుల కింద పుట్టి పెరిగినవాళ్లం మేము. ఇక్కడ మెట్లు కడతామని చెప్పి, మా నెత్తి మీద దుమ్ము పోసి, మా పడవ లాక్కున్నారు. నడవకూడదంటే ఎగరమంటావా? ఎలాగో నువ్వే చెప్పు, అలాగే వెళ్తాం."

అతను కిందికి చూశాడు. ఏమనుకున్నాడో గానీ, పక్కకు తప్పుకుని, ఫోనులో ఎవరికో చెబుతూ, బండిని మా వెనకాలే నెమ్మదిగా నడిపించాడు. దాంతో ఆ వరుసలో కార్లన్నీ అత్త నడకకు దిగిపోయాయి. స్తంభం దగ్గర ఆవిడ రైలింగు పట్టుకుని వంగి చూసింది. మా వీధిని పైనుంచి చూడటం ఆవిడకు అదే మొదటిసారి. "మన రేకులు బాగా తుప్పుపట్టాయే" అంది.

పార్కు చేరేసరికి ఇంకా మోగుతూనే ఉంది. కడ్డీ పట్టుకున్నవాడు కండలు తిరిగిన కుర్రాడు, తాళం వేసినట్టు మూడేసి దెబ్బలు కొడుతున్నాడు, వాడి స్నేహితురాలు ఫోను పట్టుకుని మళ్లీ మళ్లీ వీడియో తీస్తోంది. అత్త రొప్పుతూ వాడి దగ్గరికి వెళ్లి ఎవరికి బాగోలేదని అడిగింది. వాడికి అర్థం కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు బామ్మగారూ, ఊరికే వీడియో కోసం అన్నాడు. మంచిది, అందరూ బాగుంటే అంతే చాలంది అత్త. అనేసి పక్కకు తిరిగింది. పడవ కనిపించింది.

ఏడుస్తుందనుకున్నాను. నేనైతే అప్పటికే ఏడుస్తున్నాను, అదీ కోపంతోనే. ఆవిడ ఏడవలేదు. పడవ అంచు మీద చెయ్యి పెట్టి, కొత్త రంగు కింద తన చేత్తో వేసిన అతుకును తడిమింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, డబ్బాతో మట్టి తోడటం మొదలుపెట్టింది. నీళ్లు తోడినట్టే, అదే ఊపుతో, ఎడమ పక్కకు విసిరి పోస్తూ. పూలమొక్కలు వేళ్లతో సహా గడ్డి మీద పడ్డాయి. పార్కు కాపలావాడు పరిగెత్తుకొచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు.

"పడవలో మట్టి చేరింది" అంది అత్త, చెయ్యి ఆపకుండా.

నా దగ్గర డబ్బా లేదు. చేతులతో తోడాను. గోళ్లలోకి ఎర్రమట్టి దూరింది. చుట్టూ జనం చేరారు, ఫోన్లు లేచాయి, అడ్డు మాత్రం ఎవరూ రాలేదు. ఒక చివర అడుగు చెక్క బయటపడింది. మొక్కలకు పోసిన నీళ్లు కిందికి దిగిపోవడానికి ఆ చెక్కకు వరసగా చిల్లులు పెట్టారు. అత్త ఒక చిల్లులో వేలు పెట్టింది. వేలు అటువైపు గడ్డికి తగిలింది. ఇక ఆ పడవ నీళ్లలో దిగదని నాకు తెలిసింది, ఆవిడకూ తెలిసింది.

అప్పుడు లేచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కోపం నేను చూడలేదు. నా వంతూ ఆవిడ వంతూ కలిపి నేనే పడుతున్నాననుకునేదాన్ని. ఆ రోజు చూశాను. మొహం ఎర్రబడలేదు, గొంతు పెంచలేదు. నేరుగా కమాను దగ్గరికి వెళ్లి, ఆ కుర్రాడి చేతిలోంచి కడ్డీ తీసుకుంది. వాడు ఇచ్చేశాడు. గొలుసు కొక్కెం ఊడదీసింది. కాపలావాడు అది ప్రభుత్వ ఆస్తి అని గుర్తుచేశాడు.

"వచ్చేవాళ్లు లేనప్పుడు జనం చేత పిలిపించకూడదు బాబూ" అంది. "అది మోసం."

కడ్డీని డబ్బాలో పెట్టుకుని, వచ్చిన దారినే బయల్దేరింది. నేను మట్టి చేతులతోనే వెనక నడిచాను. మళ్లీ హారన్లు, మళ్లీ తిట్లు, మళ్లీ మా వెనక ఆ మోటారుసైకిలు. స్తంభం దగ్గర ఈసారి ఆవిడ ఆగలేదు.

ఆఫీసు నుంచి ఒకసారి మనిషి వచ్చాడు, కడ్డీ ఇచ్చేయమని. మెట్లు తెచ్చావా అని అడిగాను. వెళ్లిపోయాడు. కడ్డీ ఇప్పుడు మా తలుపు పక్కన, డబ్బా పక్కనే మరో మేకుకు ఉంది. అవతల పార్కులో పట్టా అలాగే వేలాడుతోంది, పిల్లలు చేతులతో కొట్టి చూసి, మోగకపోతే విసుక్కుని వెళ్లిపోతున్నారు. మామయ్య రేడియో సౌండు తగ్గించాడు. పార్కువాళ్లు కొత్త కడ్డీ తెప్పిస్తున్నారని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. తెప్పించుకోనీ. మోగితే మళ్లీ నడుస్తాం.